పై వరుస ఎవరిది

నేను ఓర్వలేని మనిషిని. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ పద్మారాణి తన తమ్ముడి చేతిరాత ముత్యాల్లా ఉంటుందని అన్నందుకు నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదట. నాకు గుర్తులేదు. కానీ తిని ఉండను.

మాది సూరత్‌లో పాండేసర. మా నాయన సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి ఇక్కడికి వచ్చాడు. నేను ఇక్కడే పెరిగి జాకార్డ్ డిజైన్లు వేసే పనిలో పడ్డాను. చీర కొంగు మీద కనిపించే పువ్వు, తీగ, నెమలి ముందు నా కంప్యూటర్ తెర మీద గళ్లలో చుక్క చుక్కగా పుడతాయి. ఆ చుక్కల ప్రకారమే మగ్గం మీద పోగులు పైకి లేస్తాయి. అంతకుముందు అట్టల మీద చిల్లులు కొట్టి చేసే ఈ పనిని మా గల్లీలో కంప్యూటర్ మీదికి తెచ్చిన మొదటి తెలుగువాణ్ని నేనే. అప్పటి నుంచి నా పేరు కంప్యూటర్ శ్యాంసుందర్. ఎవరి ఫోన్ మొరాయించినా, టీవీ మొరాయించినా నా దగ్గరికే తెచ్చేవారు. టీవీల గురించి నాకేమీ తెలియదు. అయినా ఎవర్నీ వెనక్కి పంపలేదు.

మాకు ఒక్కతే కూతురు, హారతి. నన్ను బాపు అంటుంది. మా వైపు తండ్రిని అలాగే పిలుస్తారు. గుజరాత్‌లో ఆ మాట పెద్దమనుషులకు వాడతారు. దాని చిన్నప్పుడు బజారులో అది "బాపూ" అని కేకేస్తే నాతో పాటు ఎవరో ఒక మీసాలాయన కూడా వెనక్కి తిరిగి చూసేవాడు. నాకు అప్పుడు కూడా మండేది. నా కూతురు పిలిస్తే తిరగడానికి ఈయనెవరు అని.

2020 మార్చిలో మగ్గాలు ఆగిపోయాయి. చప్పుడు పోయినా మా గల్లీలో జనం నాలుగు నెలలు గొంతు చించుకునే మాట్లాడారు, అలవాటు అలాంటిది. మళ్లీ ఒకటీ అరా కార్ఖానాలు తెరిచి, డిజైన్లు కావాలని సేఠ్‌లు ఫోన్లు చేయడం మొదలుపెట్టాక నేను నా కంప్యూటర్ మీట నొక్కాను. అది లేవలేదు. లోపల బోర్డు మీద గుండ్రటి బుడిపెలు ఉబ్బిపోయి ఉన్నాయి. అదే నెలలో హారతి బీసీఏలో చేరింది. క్లాసులన్నీ ఫోన్‌లోనే. ప్రోగ్రాములు రాయడానికి లైనక్స్ అనే సిస్టమ్ ఉన్న కంప్యూటర్ ఉండాలని వాళ్ల కాలేజీ చెప్పింది. నా డిజైన్ సాఫ్ట్‌వేర్ చూస్తే ముసలిది. విండోస్ ఏడులో తప్ప ఎక్కడా నడవదు. కంప్యూటర్ ఒక్కటి కొనడమే గగనం, అందులో తండ్రికి ఒక సిస్టమ్, కూతురికి ఇంకొకటి.

లాక్‌డౌన్‌లో తెలుగువాళ్లకు బియ్యం, పప్పు పంచడానికి మా సంఘం వాళ్లు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. హారతి నాకు చెప్పకుండా అందులో అడిగింది, ఒకే కంప్యూటర్‌లో రెండు సిస్టమ్‌లు పెట్టుకోవచ్చా అని. పది నిమిషాల్లో సూరత్‌లోనే ఉన్న ఆల్థాన్ నుంచి రామలింగేశ్వరరావు గారనే ఆయన జవాబిచ్చాడు. తెనాలి వైపు మనిషి, హజీరాలో పెద్ద కంపెనీలో మేనేజరు. కంప్యూటర్లు విప్పి బిగించడం ఆయనకు సరదా అట. నిక్షేపంగా పెట్టుకోవచ్చు, తన దగ్గర మంచి బోర్డు ఒకటి ఖాళీగా ఉంది, ఇస్తానన్నాడు.

నన్ను అడిగి ఉంటే నేనూ చెప్పేవాణ్ని. నాకు తెలియదు, కానీ తెలుసుకుని చెప్పేవాణ్ని. కంప్యూటర్ శ్యాంసుందర్ కూతురు ఊరందరి ముందూ ఇంకొకర్ని అడిగింది. గ్రూపులో రెండు వందల మంది ఉన్నారు.

ఆయన కారులో మా గల్లీ చివరికి వచ్చి, మాస్కు కూడా తీయకుండా కిటికీలోంచి అట్టపెట్టె అందించాడు. మనిషి ముఖం కనబడలేదు గానీ గొంతు బాగుంది. "మీరు డిజైనరని మీ అమ్మాయి చెప్పిందండీ, చాలా గొప్ప విద్య," అన్నాడు. రెండు చేతులూ చాచి పెట్టె తీసుకున్నాను. ఆ రోజంతా నా చేతులు నావి కానట్టే ఉన్నాయి.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున బిగించడానికి కూర్చున్నాం. పద్మారాణి చీరల మీద రాళ్లు అంటించే పని చేస్తుంది. ఆ పళ్లేలన్నీ పక్కకు జరిపి నేల మీద దుప్పటి పరిచాం. హారతి ఫోన్‌ను పచ్చడి జాడీకి ఆనించి వీడియో పెట్టింది. అందులో రావు గారు, కళ్లద్దాలు పెట్టుకుని, వెనక పుస్తకాల బీరువాతో. స్క్రూడ్రైవర్ నా చేతిలో ఉంది. ఆయన ఏది చెప్పబోయినా నేను ముందే "తెలుసులెండి" అనేవాణ్ని. బోర్డు బిగించాను, ప్రాసెసర్ మీద పేస్టు రాసి ఫ్యాను కూర్చోబెట్టాను, మెమొరీ పలకలు గుచ్చాను. మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది.

నేను మెమొరీ తీసి దాని ఇత్తడి అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. ఇరవై ఏళ్లుగా అన్ని కంప్యూటర్లకూ నా వైద్యం అదే. మూడుసార్లు రుద్దాను. ఆయన మూడుసార్లూ ఓపిగ్గా చూసి, అప్పుడు అడిగాడు. "శ్యాంసుందర్ గారూ, ప్రాసెసర్ పక్కన నాలుగు పిన్నుల వైరు ఒకటి విడిగా పెట్టాలండీ. అది పెట్టారా?"

పెట్టలేదు. పెట్టగానే తెర వెలిగింది. హారతి చప్పట్లు కొట్టి నవ్వింది. ఫోన్ వైపు తిరిగి నవ్వింది.

తరవాత డిస్కును రెండు భాగాలు చేయించాడు. ముందు విండోస్ వేయాలని, ఆ తరవాతే లైనక్స్ అని చెప్పాడు. విండోస్‌కు పక్కన ఇంకొకరు ఉన్నారంటే గిట్టదని, దాన్ని రెండోదిగా వేస్తే ఉన్నవాళ్లకు దారి మూసేసి తనొక్కటే కూర్చుంటుందని, లైనక్స్ అయితే ముందు ఉన్నవాళ్లకు కూడా పేరు రాసి చోటు ఇస్తుందని నవ్వుతూ వివరించాడు. ఆయన నా గురించే అంటున్నాడని నాకు గట్టిగా అనిపించింది. కంప్యూటర్ పెట్టగానే ఒక జాబితా వస్తుందని, ఏది కావాలో అందులో ఎంచుకోవాలని, ఆ జాబితా డిస్కులో ఎవరి భాగంలో ఉంటుందో కూడా ఆయన చెప్పాడు. ఆ చివరి ముక్క నేను వినలేదు. ఆ సమయంలో నేను నా కూతురి మాటలు వింటున్నాను.

"అలాగేనండీ అంకుల్. మా నాన్నగారు చూసుకుంటారండీ," అంటోంది.

నాన్నగారెవరో అని నేను నిజంగానే చుట్టూ చూశాను. ఫోన్ పెట్టేశాక అడిగాను. హారతి వైర్లు సర్దుతూ మామూలుగా చెప్పింది. "నువ్వే బాపు. వాళ్లతోటి బాపు అంటే బాగుండదు గదా."

బాగుండదు. పద్దెనిమిదేళ్లు నన్ను పిలిచిన మాట ఒక్క ఆదివారంతో బాగుండకుండా పోయింది. ఆ రోజు నుంచి నాకు పట్టిన కుళ్లు అంతా ఇంతా కాదు. ఆయన ఇచ్చిన బోర్డు మీద, ఆయన పేరు చూపే ఫోన్ మీద, ఆయన ఊరి మీద, ఆ ఊరి 'అండీ' మీద.

ఆ మాటలు చూస్తుండగానే ఇల్లంతా పాకాయి. హారతి రోజూ ఏదో ఒక సందేహంతో ఆయనకు ఫోన్ చేసేది. 'ఏంది' పోయి 'ఏంటి' వచ్చింది. 'జర' పోయి 'కొంచెం' వచ్చింది. గ్రూపులో అది ఒకసారి కృతజ్ఞతలు చెబుతూ గొంతు రికార్డు చేసి పెడితే, అమ్మాయి తెలుగు ఎంత చక్కగా ఉందో అని నలుగురు మెచ్చుకున్నారు. అంటే ఇంతకుముందు నేను నేర్పిన తెలుగు ఎలా ఉండేదన్నట్టు? ఒకరోజు నేను ఏదో అడిగితే కంప్యూటర్ మీంచి తల తిప్పకుండా "జర ఆగండి బాపు" అంది. సగం నాది, సగం ఆయనది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పద్మారాణికి చెబితే నవ్వింది. పిల్ల కూరగాయల బండి దగ్గర హిందీ మాట్లాడుతుంది, సేఠ్ ఇంట్లో గుజరాతీ మాట్లాడుతుంది, అప్పుడు లేని మంట ఇప్పుడెందుకంది. దానికి నా దగ్గర జవాబు ఉంది. సేఠ్‌తో గుజరాతీ మాట్లాడి వచ్చాక అది మళ్లీ నా దగ్గరికి వచ్చేది. ఆల్థాన్ ఆయనతో మాట్లాడి వచ్చాక పూర్తిగా రావడం లేదు. నాకు కావలసింది ఒక్కటే. నా కూతురికి నేను బాపునై ఉండాలి, ఆయన ముందు కూడా.

ఇక ఆ జాబితా. కంప్యూటర్ పెట్టగానే నల్లటి తెర మీద నాలుగు వరుసలు వచ్చేవి. పై వరుస హారతి లైనక్స్. మధ్యలో ఏవో రెండు. అట్టడుగున నా విండోస్. పది సెకన్లలోపు బాణం మీట నొక్కుకుంటూ కిందికి దిగి నా వరుస పట్టుకోవాలి. లేకపోతే యంత్రం నన్ను అడగకుండా హారతి లైనక్స్‌లోకి వెళ్లిపోతుంది. నేను మీట నొక్కి టీ కోసం లేచి వచ్చేసరికి ప్రతిసారీ దాని తెరే నా ముందు ఉండేది. నేను బిగించిన యంత్రంలో, నా ఇంట్లో, నేను చివరి వరుస.

నన్ను పైన పెట్టమని హారతిని అడిగాను. "అంకుల్‌ని అడిగి మారుస్తా," అంది. ఆయన అప్పుడేదో డ్యూటీలో ఉన్నాడు, తరవాత అది మరిచిపోయింది. రెండోసారి అడగడం నా ఒంట్లో లేదు. రోజూ బాణం నొక్కుకుంటూ కిందికి దిగాను. దిగినప్పుడల్లా ఒక మెట్టు ఎక్కువే దిగినట్టు ఉండేది.

అక్టోబరు వచ్చింది. దీపావళికి ముందు సేఠ్‌లకు ప్రాణం లేచి వచ్చింది. వాళ్లలో ఒకాయన కొత్త కొంగు డిజైన్ బుధవారానికి కావాలని, ఆలస్యమైతే ఇంకొకరికి ఇస్తానని చెప్పాడు. లాక్‌డౌన్ తరవాత నాకు వచ్చిన మొదటి పెద్ద పని అది. ఆదివారం మధ్యాహ్నానికి ముప్పావు వంతు అయింది. హారతి, పద్మారాణి రాళ్లు అంటించిన చీరల మూటలు ఇవ్వడానికి వెళ్లారు. నేను కంప్యూటర్ పెట్టి టీ కాచుకుని వచ్చేసరికి, మామూలే, హారతి తెర.

ఆ రోజు తెర మీద ఒక ఫోటో ఉంది. ఆగస్టు ఆదివారం నాడు వీడియోలోంచి తీసుకున్న బొమ్మ. పెద్ద గడిలో రావు గారు వేలెత్తి ఏదో వివరిస్తున్నాడు. మూలన చిన్న గడిలో హారతి నవ్వుతోంది. దాని పక్కన రెండు చేతులు, ఒక దానిలో స్క్రూడ్రైవర్. ఆ చేతులు నావి. తల లేదు, ముఖం లేదు. రోజూ చూసుకోవడానికి నా కూతురు పెట్టుకున్న బొమ్మలో నేను చేతుల వరకే ఉన్నాను.

కంప్యూటర్‌ను ఆపి మళ్లీ పెట్టి, బాణం నొక్కుకుంటూ దిగి నా విండోస్‌లోకి వెళ్లాను. డిస్కు భాగాలు చూపించే చోటు తెరిచాను. నా భాగం పేరుతో ఉంది. పక్కనే హారతి భాగం పేరు లేకుండా ఉంది. విండోస్‌కు దాన్ని ఏమని పిలవాలో తెలియదు, దానికి అది పరాయి జాగా. తీసేయమని నొక్కాను. అందులోని సమాచారమంతా పోతుంది, సరేనా అని అడిగింది. సరే అన్నాను. రెప్పపాటులో ఆ జాగా ఖాళీ అని రాసింది. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో నాకు ఎంతో హాయిగా అనిపించింది. ఉక్కపోతలో కరెంటు వచ్చి ఫ్యాను తిరిగితే ఎలా ఉంటుందో అలా ఉంది.

జాబితా లేకుండా నేరుగా నా విండోస్ ఎలా తెరుచుకుంటుందో చూద్దామని ఆపి మళ్లీ పెట్టాను. నల్లటి తెర వచ్చింది. దాని మీద ఇంగ్లీషులో రెండే రెండు ముక్కలు. అలాంటి భాగం లేదని ఒకటి, కాపాడమన్నట్టు ఒకటి. బాణాలు నొక్కాను, మీటలన్నీ నొక్కాను. జాబితా లేదు, లైనక్స్ లేదు, నా విండోస్ కూడా లేదు. అప్పుడు తట్టింది, ఆ ఆదివారం నేను వినని ముక్క ఏమిటో. ఇద్దరికీ తలుపు తీసే జాబితా హారతి భాగంలో ఉంది. నేను దాని గది కూలగొట్టాననుకున్నాను. కూలింది ఇంటి వాకిలి. సేఠ్‌కు ఇవ్వాల్సిన కొంగు ఆ లోపలే ఉండిపోయింది.

హారతి చెప్పులు విడుస్తూనే తెర చూసింది. ఏమైందని అడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నీ దాంట్లో ఏదో అయినట్టుంది, నేను పెట్టేసరికే ఇలా ఉందని చెప్పాను. అబద్ధం నా నోట్లోంచి అంత సాఫీగా వస్తుందని నాకూ తెలియదు.

దాని ముఖం పాలిపోయింది. "పొద్దున నేనే అప్‌డేట్ కొట్టిన బాపు. నేనే ఖరాబ్ చేసిన. నీ డిజైన్ గూడ పోయింది గదా, సేఠ్‌కు ఏం చెప్తవు?" అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. అది కాలేజీకి ఇవ్వాల్సిన ప్రోగ్రాములు కూడా పోయాయి. వాటి మాటే ఎత్తలేదు. నా డిజైన్ గురించే ఏడ్చింది.

అండీ లేదు, అంకుల్ లేదు, కొంచెం లేదు. బాపు అంది. నా కూతురు నా మాటల్లో నా భుజం మీద ఏడుస్తోంది. నేను దాని వీపు నిమురుతూ ఊరుకోమన్నాను. సిగ్గు ఉంది, లేదనను. సంతోషం అంతకంటే ఎక్కువ ఉంది.

రావు గారి ఫోన్ కలవలేదు. ప్లాంటులో ఏదో పెద్ద మరమ్మతు ఉందని, ఫోన్ బయట పెట్టి వెళ్తారని, మంగళవారం దాకా దొరకరని ఆయన భార్య చెప్పింది. ఆ రెండు రోజులు మా ఇంట్లో పండగ లాంటివి, నా ఒక్కడికే. హారతి ఫోన్‌లో వెతికి చదివేది, నేను కంప్యూటర్ విప్పేవాణ్ని. వైర్లన్నీ తీసి పెట్టాం. మెమొరీని రబ్బరుతో రుద్దాను. దానికి, ఈ రోగానికి ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. "బాపు, జర నాకియ్యి, నేను రుద్దుత," అని అదీ రుద్దింది. అట్టలకు చిల్లులు కొట్టిన రోజుల గురించి అడిగింది. నేను చెప్పాను. తాత గురించి కూడా చెప్పాను. ఇన్నేళ్లలో అది నన్ను అన్ని ప్రశ్నలు అడగలేదు. అన్నం కూడా అక్కడే నేల మీద కూర్చుని ఒకే పళ్లెంలో తిన్నాం.

సోమవారం సాయంత్రం ఒక మాట అంది. ఇది బాగైతే లైనక్స్ మళ్లీ పెట్టనని, తన చదువు ఫోన్ మీదే ఎలాగో నడిపిస్తానని, కంప్యూటర్ పూర్తిగా నాకే ఉంచుతానని. వద్దని నేను చెప్పాలి. చెప్పలేదు. నాకు కావలసినవన్నీ నడిచి నా దగ్గరికి వస్తున్నాయి.

మంగళవారం రావు గారు తనే ఫోన్ చేశాడు. జాడీకి ఆనించిన ఫోన్‌లో మళ్లీ ఆ కళ్లద్దాలు. ఆగస్టులో వాడిన పెన్ డ్రైవ్ పెట్టించాడు, దాంట్లోంచి కంప్యూటర్‌ను లేపాడు, డిస్కును వెతికే ఒక ప్రోగ్రాము నడిపించాడు. హారతి ఆయనకు తెర కనబడేలా ఫోన్ తిప్పింది. కాసేపటికి తెర మీద పోయిన భాగం పేరు వచ్చింది. ఆయన ముందుకు వంగి చాలాసేపు చూశాడు. తరవాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు అర్థమైందని నాకు అర్థమైంది. పాడైపోయిన భాగానికి, ఎవరో తీసేసిన భాగానికి తేడా తెలియనంత అమాయకుడు కాదు.

"హారతమ్మా, ఇది నీ వల్ల పోలేదు. ఆ రోజు భాగాలు చేసేటప్పుడు నేనే ఒకటి తప్పు చెప్పాను. తప్పు నాది. మీ నాన్నగారికి నన్ను క్షమించమని చెప్పు," అన్నాడు.

నేను ఫోన్‌కు రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆయనకు నేను కనబడుతున్నాను కూడా. నా వైపు చూడలేదు. భాగాన్ని తిరిగి రాయించి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ పెట్టమన్నాడు. పెట్టగానే నాలుగు వరుసల జాబితా వచ్చింది. హారతివన్నీ ఉన్నాయి, నావన్నీ ఉన్నాయి, కొంగు డిజైన్ ముప్పావు వంతు ఎక్కడ ఆపానో అక్కడే ఉంది. ఆయన సెలవు తీసుకున్నాడు.

నేను నోరు మూసుకుంటే సరిపోయేది. నేను చేసినదంతా తుడిచిపెట్టుకుపోయింది, ఒక్క మరక లేదు. ఆయన ఇంత సాయం చేసి వెళ్తే నేను తలవంచుకుని పనిలో కూర్చుంటే చాలు. కానీ హారతి ఆ ఫోన్‌ను రెండు చేతుల్లో పట్టుకుని ఇంకా దాని వైపే చూస్తోంది. కళ్లు మెరుస్తున్నాయి.

"చూసినవా బాపు? తప్పయితే తప్పని ఒప్పుకున్నడు. గంత పెద్ద మనిషి. గట్ల ఎవ్వలు ఒప్పుకుంటరు?"

నా కూతుర్ని తీసుకున్నాడు, దాని మాట తీసుకున్నాడు, పై వరుస తీసుకున్నాడు. ఆఖరికి నా తప్పు కూడా తీసుకుని దాంతో ఇంకా పెద్దవాడయ్యాడు. అది నేను ఓర్చుకోలేకపోయాను. నేను నిజం చెప్పింది మంచితనంతో అని ఎవరైనా అనుకుంటారేమో, కాదు. ఆ మెచ్చుకోలు ఆయనకు దక్కడం చూడలేక చెప్పాను.

"ఆయన తప్పు గాదు. నాది. ఆదివారం మీరు పోయినంక నేనే తీసేసిన," అన్నాను.

హారతి మొదట నవ్వింది, ఆయనను కాపాడటానికి అంటున్నాననుకుని. తరవాత నా ముఖం చూసింది. పళ్లెంలో రాళ్లు ఏరుతున్న పద్మారాణి చెయ్యి ఆగిపోయింది. ఎందుకని హారతి అడగలేదు. ఆ కారణం నేను ఎన్నోసార్లు నెమరేసుకున్నాను, ఆయన ముందు దాని నోట్లో బాపు అనే మాట లేకుండా పోయిందని, బొమ్మలో నా ముఖం లేదని. అడిగితే చెప్పేవాణ్ని. అది అడిగింది వేరే.

"నేను ఏడ్చినప్పుడు నువ్వు పక్కనే ఉన్నవు గదా. రెండు దినాలు నాతోటి రబ్బర్ పట్టుకుని రుద్దినవు గదా."

అది లేచి, దుప్పటి మడత పెట్టి లోపలికి వెళ్లింది. ఆ సాయంత్రం పద్మారాణి కూడా పళ్లెం తీసుకుని దాని దగ్గరే కూర్చుంది. నేను డిజైన్ మిగతా పావు వంతు పూర్తి చేశాను. చుక్కలు పెట్టడానికి మనసు అవసరం లేదని అప్పుడు తెలిసింది.

బుధవారం పొద్దున ఒకసారి సరిచూసుకుని సేఠ్‌కు పంపుదామని కంప్యూటర్ ముందు కూర్చుని మీట నొక్కాను. జాబితా వచ్చింది. చెయ్యి అలవాటుగా బాణం మీదికి వెళ్లింది. చూస్తే పై వరుసలో విండోస్ ఉంది. లైనక్స్ అట్టడుగున ఉంది. పది సెకన్లు నేను ఏమీ నొక్కకుండా కూర్చున్నాను. నా విండోస్ దానంతట అదే తెరుచుకుంది.

హారతి టీ గ్లాసుతో వచ్చింది. తల దువ్వుకుని, పొద్దుటి క్లాసుకు తయారై ఉంది.

"మీది పైన పెట్టానండీ. ఇక మీరు కిందికి దిగక్కర్లేదు," అంది.

ఎగతాళి చేస్తోందేమో అని ముఖం చూశాను. ఎగతాళి అయితే బాగుండేది. కోపమైనా బాగుండేది. ఆల్థాన్ ఆయనతో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడుతోంది. ఆయనతో మాట్లాడేటప్పుడు ఉండే నవ్వు మాత్రం లేదు.

"తిట్టు బిడ్డా," అన్నాను. "బాపు అని ఎంతనన్న తిట్టు."

"అయ్యో, ఎందుకండీ నాన్నగారూ," అంది. గ్లాసు నా పక్కన పెట్టి, చల్లారకముందే తాగమని చెప్పి, క్లాసుకు టైమైందని ఫోన్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది.